వేసవి వనభోజనానికి మట్టికుండ, మోదుగాకు

వనభోజనాలంటే మనకు కార్తీకమాసం, ఉసిరిచెట్టు గుర్తొస్తాయి. పిల్లలకు సెలవులు వచ్చేది మాత్రం వేసవిలో. అందుకే ఏప్రిల్, మే ఆదివారాల్లో సికింద్రాబాద్ కుటుంబాలు పొద్దున్నే డబ్బాలు సర్దుకుని సంజీవయ్య పార్కు వైపో, శామీర్‌పేట చెరువు వైపో బయల్దేరతాయి. సాయంత్రం వాళ్లు లేచి వెళ్లాక చెట్టుకింద ఏం మిగిలిందో చూడండి. నీళ్ల సీసాలు, నీళ్ల ప్యాకెట్లు, తళతళలాడే ప్లేట్లు, గ్లాసులు. మెతుకుల సంగతి కాకులు, చీమలు చూసుకుంటాయి. తక్కినదంతా గాలికి కొట్టుకుపోయి చెరువులో పడుతుంది, లేదంటే లారీ ఎక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చేరుతుంది. చల్లటి నీళ్లు కావాలి, కడిగే పని లేని కంచం కావాలి. చెత్తంతా దాదాపు ఈ రెండు కోరికల నుంచి పుట్టిందే.

మొదటిదానికి జవాబు రోడ్డు పక్కన వరసగా పేర్చి అమ్మే కుండల్లో, రంజన్లలో ఉంది. కుండ గోడకు కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు బయటికి ఊరి, పొడిగాలి తగలగానే ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి కదా, దాన్ని లోపలి నీటినుంచే లాక్కుంటుంది. ఎంత వేడి? ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 క్యాలరీలు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 చాలు. అంటే చెమర్చిన కుండ గ్రాముకు గ్రాము లెక్కన మంచుకన్నా ఏడు రెట్లు బలంగా చల్లబరుస్తుంది. పది లీటర్ల కుండలోంచి వంద గ్రాముల నీరు, అరగ్లాసంత, ఆవిరైతే మిగిలిన నీటి వేడి లెక్కప్రకారం దాదాపు 6 డిగ్రీలు తగ్గాలి. బయటి వేడి కూడా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అసలు తగ్గుదల కొంత తక్కువే.

ఈ పని మన సికింద్రాబాద్‌లో బాగా సాగడానికి కారణం మే నెల పొడిగాలి. విశాఖలో ఉక్కపోతకు చెమటే ఆరదు, ఇక కుండ ఏం చల్లబడుతుంది? జూన్‌లో తొలకరి పడ్డాక మన కుండ కూడా అంత చల్లగా ఉండదు. రంగులు పూసిన కుండ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది. ఎర్రమట్టిది, పూత లేనిదే కొనాలి. కుండను ఎంఎంటీఎస్ రైల్లో మోసుకెళ్లలేమంటారా, స్టీలు బిందెకు తడి నూలుగుడ్డ చుట్టి గాలి తగిలే నీడలో పెట్టండి. ఒకప్పుడు జీపులకు వేలాడిన కాన్వాస్ నీళ్లసంచి చేసిందీ ఇదే పని. వేపచెట్టు నీడ రేకుల నీడకన్నా హాయిగా ఉండటం వెనక కూడా ఇదే సూత్రం ఉంది. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూ తమను తాము చల్లబరుచుకుంటాయి. కాలిన రేకు మాత్రం ఆ వేడిని మన నెత్తిమీదికే దించుతుంది.

కంచం సంగతికి ముందు తిండి. వనభోజనానికి పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లిన మన పెద్దవాళ్ల ఎంపిక చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. ఉత్త అన్నం ఎండవేళ డబ్బాలో మగ్గితే, ఉడికినా చావని కొన్ని బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం చిమ్ముతాయి. పులిహోరలోని చింతపండు పులుపు వాటిని ఎదగనివ్వదు. దద్దోజనం ఇంకో అడుగు ముందుకేస్తుంది. పొద్దున గోరువెచ్చటి అన్నంలో కాచిన పాలు ఎక్కువగా, పెరుగు ఒక్క చెంచా కలిపి తీసుకెళ్తే, దారిలో ఎండవేడికే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మటి పెరుగన్నమవుతుంది. పొయ్యి పెట్టే అవసరమే ఉండదు. ఎండుగడ్డి ఉన్నచోట వేసవిలో నిప్పు జోలికి పోకపోవడమే మేలు.

ఇక కంచం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను కేంద్రం 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించింది. వాటి స్థానంలోకి వెండి మెరుపు కాగితం ప్లేట్లు వచ్చాయి. ఒకదాన్ని చింపి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. కాగితం పిప్పిపిప్పిగా ఊడిపోయి, మెరుపు పొర మాత్రం చేతికి చెక్కుచెదరకుండా వస్తుంది. అది ప్లాస్టిక్కే. మిషన్ మీద అచ్చువేసిన విస్తళ్లలోనూ కొన్నింటికి మధ్యలో ఇలాంటి పొరే ఉంటుంది, చూసి కొనండి. పుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరికి ఆ బాధ లేదు. ఫాల్గుణంలో అడవిని ఎర్రగా వెలిగించే మోదుగచెట్టు ఆకే అది. ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజనులు సేకరించే అడ్డాకు ఇంకా వెడల్పు, ఇంకా గట్టి. తిన్నాక వీటిని తడిచెత్తలో వేస్తే మట్టిలో కలిసిపోతాయి. ఆకు దొరక్కపోతే ఇంట్లో స్టీలు పళ్లేలున్నాయి. అవి కడగడానికి పట్టే నీళ్లు చూసి వెనకాడకండి, ఒక బొచ్చెడు చాలు.

వచ్చే ఆదివారం బయల్దేరే ఆలోచన ఉంటే కుండను శుక్రవారమే కొనండి. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు మొక్కలకు పోసి, మళ్లీ నింపాకే అది సరిగా చెమరుస్తుంది.