మీకు తెలుసా? చెయ్యి కదిలించేది స్వభావమే!

దారిలో చెత్త కనిపిస్తే తీయాల్సిన బాధ్యత మనదేనా? 1972లో అమెరికా పరిశోధకుడు లియోనార్డ్ బిక్‌మన్ అడిగితే, నూటికి 94 మంది 'మనదే' అన్నారు! మరి వాళ్లు నడిచే దారిలో ఆయన కావాలని పడేసిన చెత్తను వంగి తీసిందెందరు? నూటికి ఇద్దరంటే ఇద్దరే!

మాటకూ చేతకూ నడుమ ఉన్నదేమిటి? స్వభావం! 2020లో పాత పరిశోధనలెన్నో కలిపి 44,993 మంది తీరు చూశారు. కొత్త ఆలోచనలకు తలుపు తీసేవాళ్లు, నిజాయతీ, అణకువ ఉన్నవాళ్లు పర్యావరణం కోసం ముందుకొస్తున్నారట!

ప్రకృతి గురించి ఎక్కువ బెంగపడేదెవరు? జర్మనీలో 2,690 మందిని పరిశీలిస్తే తేలింది! పక్కవాళ్ల కష్టానికి కరిగిపోయే మెత్తని మనసులకే ఆ బెంగ ఎక్కువ!

హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ 2 చెత్త డబ్బాలిచ్చారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం! ఒకింట్లో కొత్తిమీర కాడలు ఇటు, కడిగిన పాల ప్యాకెట్లు అటు. పక్కింట్లో అన్నీ ఒకే కవర్లో! భూమి బాగుండాలనే కోరిక ఇద్దరిదీ. రోజూ ఓపిగ్గా వేరు చేసే గుణం మాత్రం ఒకరిదే!

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గుర్తున్నారా? జేబులో విత్తనాలు, సైకిల్ మీద మొక్కలు! ఖాళీ జాగా కనిపిస్తే ఆయన చెయ్యి ఆగేదే కాదు. అలా నాటినవి కోటికి పైమాటే!

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణది మరో తీరు. పట్టిన పట్టు విడవరు! సొంత పొలాన్నే అడవిగా పెంచారు. ఎంతో తెలుసా? 70 ఎకరాలు!

ఆయనే జనాన్నీ కదిలించారు! ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని 1996లో నల్లగొండ లోక్‌సభ బరిలోకి రైతుల్ని దించారు. మొత్తం అభ్యర్థులు 480 మంది! బ్యాలెట్ పత్రం ఏకంగా పుస్తకమైంది!

మరి మతిమరుపు వాళ్ల సంగతి? ఉపాయముంది! ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే అనుకోవాలి. నెదర్లాండ్స్‌లో ఓ కంపెనీ ఉద్యోగులు ఇలాగే కాగితాలు, ప్లాస్టిక్ కప్పులు వేరు చేశారు. 2 నెలల తర్వాతా ఆ అలవాటు నిలిచింది! తిరుమలగిరి లాల్‌బజార్‌కు కూరగాయలకు వెళ్తున్నారా? 'బండి తాళం తీయగానే గుడ్డసంచి తీసుకుంటా' అనుకోండి. అంతే!

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారా? కాదండీ! మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన 92 బృందాల లెక్కలు 2006లో కలిపి చూశారు. వయసుతో పాటు క్రమశిక్షణ పెరుగుతోంది! ఇవాళ బద్ధకించే చెయ్యి కూడా రేపు మొక్క నాటగలదు!