సాక్ష్యం వేరు, రుజువు వేరు: విదేశాల్లో మూలకణాల వైద్యం గురించి



కొంతకాలం క్రితం ఒక తండ్రి మా ఓపీకి వచ్చారు. చేతిలో కొడుకు ఫైలు, ఆ ఫైలులో మడతలు పడిన రంగుల కాగితం ఒకటి. కొడుక్కి ఇరవై రెండేళ్లు. కొబ్బరి చెట్టు మీద నుండి పడి వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ, కదలిక రెండూ పోయాయి. అప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి. ఆ కాగితం విదేశంలోని ఒక క్లినిక్కుది. మూలకణాల ఇంజెక్షన్లతో పక్షవాతం, వెన్నుపాము గాయాలు, షుగరు వ్యాధి, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, కీళ్ల నొప్పులు, చూపు మందగించడం అన్నీ బాగవుతాయని అందులో అచ్చు వేశారు. దుబాయిలో ఉన్న బావమరిది పంపాడట.

"ఒక ఉత్తరం రాసివ్వండి డాక్టరు గారూ. ఈ వైద్యం అవసరమని మీరు సంతకం పెడితే అయ్యగారు ఆదివారం సంఘంలో చదివి ప్రత్యేక కానుక పట్టిస్తామన్నారు. మిగతాది ఉన్న ఎకరం అమ్మి సర్దుకుంటాం" అన్నారు ఆయన.

మేము ఆ ఉత్తరం రాయలేదు. ఆయన నొచ్చుకున్నారు. కన్నబిడ్డ మంచం మీద ఉన్నప్పుడు ఎవరైనా నొచ్చుకుంటారు. ఎందుకు రాయలేదో ఆ రోజు ఓపీ రద్దీలో సరిగా చెప్పలేకపోయాము. ఇదే ప్రశ్నతో మరికొన్ని కుటుంబాలు కూడా వస్తున్నాయి కాబట్టి ఇక్కడ తీరికగా రాస్తున్నాము.

అసలు మూలకణాలు అంటే ఏమిటి?

మన శరీరంలో చర్మపు కణం చర్మం పనే చేస్తుంది, గుండె కణం గుండె పనే చేస్తుంది. వీటితోపాటు ఇంకా పని ఖాయం కాని కణాలు కొన్ని ఉంటాయి. అవి తమవంటి కణాలను పుట్టించుకుంటూనే, అవసరాన్ని బట్టి వేరే కణాలుగా మారతాయి. వీటినే మూలకణాలు, స్టెమ్ సెల్స్ అంటారు. నారుమడి వంటివి అనుకోండి. అయితే వరి నారు వేస్తే వరే పండుతుంది, మిరప నారు వేస్తే మిరపే కాస్తుంది. ఎముక మజ్జలోని మూలకణాల ముఖ్యమైన పని రక్తకణాలను పుట్టించడం. వాటిని తీసి వెన్నులోకి ఎక్కిస్తే తెగిన నరాలు అతుకుతాయని ఇంతవరకు రుజువు కాలేదు.

పిండం తొలి దశలోని కణాలు మాత్రం శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను మొదటిసారి ప్రయోగశాలలో పెంచింది. 2006లో జపానులో షిన్యా యమనకా ఎలుక చర్మకణాలను వెనక్కు తిప్పి అటువంటి కణాలుగా మార్చి చూపారు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇవి గొప్ప సంగతులే. కాని ఏ కణంగానైనా మారగల శక్తి అదుపు తప్పితే గడ్డగా కూడా పెరుగుతుంది. పరిశోధకులు ఇన్నేళ్లుగా తొందరపడకుండా ఉండటానికి ఇది ఒక పెద్ద కారణం.

మూలకణాల వైద్యమంతా మోసమని మేము అనడం లేదు. ఎముక మజ్జ మార్పిడి మూలకణాల వైద్యమే. దానికి దారి వేసిన డొనాల్ థామస్ 1990లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన మిషను ఆసుపత్రుల్లో పెద్దదైన వెల్లూరు సీఎంసీలో 1986 నుండి ఈ మార్పిడి చేస్తున్నారు. కొన్ని రక్త క్యాన్సర్లకు, తలసీమియాకు, మజ్జ ఎండిపోయే జబ్బుకు ఇది నిలబడిన చికిత్స. మన హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుండి కంటికి మూలకణాల చికిత్స చేస్తున్నది. సున్నం గాని యాసిడ్ గాని పడి కన్ను కాలిపోయినవారికి, మంచి కంటి నల్లగుడ్డు అంచు నుండి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను కాలిన కంటి మీద అమరుస్తారు. అది కంటి పైపొరకు చేసే వైద్యం. రెటీనా జబ్బుతో చూపు పోయినవారికి, కంటి నరం ఎండిపోయినవారికి అది పనికిరాదు. "హైదరాబాదులో మూలకణాలతో కళ్లు వస్తున్నాయట కదా, మా అమ్మాయికి రేచీకటి జబ్బు" అని అడిగే తల్లులకు ఈ తేడా చెప్పడం మాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

కాగితం మీద సాక్ష్యాలు

ఆ తండ్రి కాగితంలో మధుమేహానికీ, వెన్నుపాముకూ, ఆటిజానికీ ఒకటే ఇంజెక్షను. ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి తగ్గింది, ఎంతమందికి ముదిరింది అన్న లెక్క ఎక్కడా లేదు. ఉన్నదంతా ఫొటోలు, వాటి కింద సాక్ష్యాలు. "నా కాలి వేలు కదిలింది", "మా బాబు నన్ను చూసి నవ్వాడు" అని.

మనము సంఘంలో సాక్ష్యం విని పెరిగినవాళ్లము. నిలబడి చెప్పేవారి మాటను అనుమానించడం మనకు మర్యాద కాదు. ఆ ఫొటోల్లోని తల్లిదండ్రులు కూడా అబద్ధం చెబుతున్నారని మేము అనుకోవడం లేదు. వారికి కనిపించింది వారు చెప్పారు. అయితే ఆ వేలు ఎందుకు కదిలిందన్నది వేరే ప్రశ్న. వెన్నుపాము పూర్తిగా తెగకుండా నలిగినవారిలో మొదటి ఏడాదిలో దానంతట అదే కొంత బలం రావడం మేము ఇక్కడే చూస్తుంటాము. పైగా అటువంటి క్లినిక్కుల్లో చాలా చోట్ల ఇంజెక్షనుతోపాటు రోజూ గంటల తరబడి ఫిజియోథెరపీ చేయిస్తారు. ఇంటి దగ్గర ఆరు నెలలు కదలని మనిషికి నెల రోజులు శ్రద్ధగా వ్యాయామం చేయిస్తే ఏదో ఒక మార్పు రాకుండా ఉంటుందా? చిన్న పిల్లలైతే ఎదుగుతూనే ఉంటారు. మూడేళ్ల బిడ్డ ఆరు నెలల తరువాత కొత్త మాట నేర్చుకుంటే అది ఇంజెక్షను వల్లనా, వయసు వల్లనా?

ఇక తిరిగి వచ్చి ఏ మార్పూ లేనివారి ఫొటోలు ఏ కాగితంలోనూ వేయరు. అప్పు చేసి వెళ్లినవారు, ఇచ్చినవారి ముఖం చూడలేక మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనం కూడా కలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

అటువంటి లెక్క ఒకటి ఉంది. చైనాలో, బీజింగ్‌లో వెన్నుపాము దెబ్బతిన్నవారికి పిండ కణాలు ఎక్కించే శస్త్రచికిత్స 2000 తరువాతి సంవత్సరాల్లో పెద్ద పేరు పొందింది. అనేక దేశాల నుండి రోగులు వెళ్లారు. ముగ్గురు పాశ్చాత్య వైద్య పరిశోధకులు అలా వెళ్లిన ఏడుగురిని శస్త్రచికిత్సకు ముందు, తరువాత పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఏడుగురిలో ఒక్కరికి కూడా రోజువారీ జీవితానికి పనికివచ్చే మెరుగుదల కనిపించలేదు. ఐదుగురికి దుష్ఫలితాలు వచ్చాయి. మెదడు పొరలు వాచే మెనింజైటిస్ వాటిలో ఒకటి. ఇంకో సంగతి. ఆ కణాలు గర్భస్రావమైన పిండాల నుండి తీసినవి. కణాలు ఎవరివి, ఎక్కడివి అని అడగకుండా సంతకం పెట్టే విశ్వాసులు ఇది గమనించాలి.

"పోనీ, గుణం లేకపోయినా నష్టం లేదు కదా" అంటారు చాలామంది. నష్టం ఉంది. నరాల జబ్బుతో ఉన్న ఇశ్రాయేలు దేశపు బాలుడు ఒకడిని 2001లో, తొమ్మిదేళ్ల వయసులో మాస్కో తీసుకువెళ్లి మెదడులోనూ వెన్నులోనూ పిండ కణాలు ఎక్కించారు. మళ్లీ రెండుసార్లు వెళ్లారు. మొదటి చికిత్స అయిన నాలుగేళ్లకు మెదడులోనూ వెన్నుపాములోనూ గడ్డలు కనిపించాయి. పరీక్షిస్తే ఆ గడ్డ కణాలు పిల్లవాడివి కావు, దాతలవి. ఈ సంగతి 2009లో వైద్య పత్రికలో వచ్చింది. 2010లో బ్యాంకాక్ నుండి వచ్చిన నివేదిక ఇంకొకటి. లూపస్ వల్ల మూత్రపిండాలు చెడిన ఒక స్త్రీకి ప్రైవేటు క్లినిక్కులో ఆమె సొంత మూలకణాలనే మూత్రపిండాల్లోకి ఎక్కించారు. అక్కడ కొత్తగా రక్తనాళాల గడ్డలు పుట్టాయి. ఆమె బతకలేదు. "నా సొంత కణాలే కదా, ఏమవుతుంది" అనుకునేవారికి ఈ సంగతి చెబుతుంటాము. పక్షవాతం వచ్చిన ఒక అమెరికా దేశస్థుడు చైనా, అర్జెంటీనా, మెక్సికో మూడు దేశాలు తిరిగి ఇంజెక్షన్లు చేయించుకున్నారు. చివరికి ఆయన వెన్నులో పెరిగిన గడ్డ కూడా పరాయి కణాలదేనని 2016లో రాశారు.

ఖర్చు సంగతి. 2008లో కెనడా పరిశోధకులు ఇటువంటి క్లినిక్కుల ప్రకటనలు పరిశీలించారు. ధర చెప్పినవి నాలుగే. వాటి సగటు 21,500 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు తొమ్మిది లక్షల రూపాయలు. విమానం, బస ఖర్చులు వేరే.

దూరపు కొండలు

మనవాళ్లు బ్యాంకాక్, చైనా అంటుంటే, అదే కాలంలో అమెరికా, ఆస్ట్రేలియాల నుండి రోగులు ఢిల్లీలోని ఒక ప్రైవేటు క్లినిక్కుకు పిండ మూలకణాల కోసం వచ్చేవారు. దూరపు కొండలు అందరికీ నునుపే. రెండు చోట్లా రుజువు ఒకేలా లేదు. చైనా ప్రభుత్వం 2012 జనవరిలో అనుమతి లేని మూలకణ చికిత్సలు ఆపమని ఆదేశించింది. మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి మినహా మిగతా మూలకణ వాడకమంతా అనుమతి పొందిన పరిశోధనలోనే జరగాలి. ఆటిజానికి ఈ వైద్యం సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషను 2022లో చెప్పింది. అయినా మన నగరాల్లోనే బోర్డులు కనిపిస్తున్నాయి. కాబట్టి విమానం ఎక్కనంత మాత్రాన జాగ్రత్తపడినట్టు కాదు.

పరిశోధన అన్న మాట వాడి డబ్బు అడిగితే వెంటనే ఆలోచించండి. నిజమైన పరిశోధనలో ప్రయోగాత్మక మందుకు రోగి నుండి సొమ్ము తీసుకోకూడదు. మన దేశంలో అటువంటి పరిశోధనకు నైతిక సంఘం అనుమతి ఉంటుంది, సీటీఆర్ఐ అనే జాతీయ పట్టికలో నమోదు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య అడగండి. జపానులో కియో విశ్వవిద్యాలయం వెన్నుపాము గాయాలకు యమనకా పద్ధతి కణాలతో పరిశోధన చేసి 2025లో నలుగురి ఫలితాలు వెల్లడించింది. ఇద్దరిలో కొంత మెరుగుదల కనిపించింది. అయినా చికిత్స దొరికిందని వారు ప్రకటించలేదు, ఇంకా చూడాలన్నారు. వారు పరీక్షించినది దెబ్బ తగిలి కొద్ది వారాలే అయినవారిని. మన అబ్బాయికి ఎనిమిది నెలలు దాటాయి.

ఇలా ప్రశ్నించడం అవిశ్వాసం కాదా అని ఒక సహోదరి అడిగారు. దేవుని మీద విశ్వాసము ఒకటి, అచ్చు కాగితం మీద నమ్మకము ఒకటి. రక్తస్రావము గల స్త్రీ వైద్యుల దగ్గర ఉన్నదంతా ఖర్చుపెట్టుకుని ఇంకా క్షీణించిన సంగతి సువార్త దాచలేదు.

ఎనిమిది నెలలు

ఆ రోజు ఆ అబ్బాయిని పక్కకు తిప్పి చూసిన మా సిస్టరమ్మకు నడుము కింద అరచేయంత పడకపుండు కనిపించింది. ఇంట్లో అందరి చూపు పాస్‌పోర్టు మీద, డబ్బు మీద ఉంది. రెండు గంటలకొకసారి తిప్పాలని వారికి గట్టిగా చెప్పినవారు లేరు. చెప్పనివారిలో మేము కూడా ఉన్నామేమో. వెన్నుపాము దెబ్బతిన్నవారి ప్రాణం తీసేవి తరచుగా ఈ పుండ్లూ, మూత్రంలో చీము పట్టి కిడ్నీలు చెడిపోవడమూ. వీటిని ఆపడానికి రుజువైన పద్ధతులు ఉన్నాయి, ఖర్చు కూడా తక్కువ. గంట పట్టి తిప్పడం, సరైన పరుపు, శుభ్రంగా గొట్టంతో మూత్రం తీసుకోవడం నేర్పించడం, చేతుల బలం పెంచడం, చక్రాల కుర్చీలోకి ఎక్కడం, దిగడం.

వెల్లూరులో ఈ పని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గారికి 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము తెగింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభించారు. ఆమె మళ్లీ నడవలేదు.

మన అబ్బాయి మా వార్డులో ఏడు వారాలు ఉన్నాడు. పుండు మానింది. సంఘం పట్టిన కానుకతో చక్రాల కుర్చీ, పరుపు కొన్నారు, ఇంటి గుమ్మానికి వాలు కట్టించారు. సదరం సర్టిఫికెట్టు వచ్చింది. ఎకరం ఇంకా అమ్మలేదు. అమ్మరని మేము చెప్పలేము. మొన్న పరీక్షకు వచ్చినప్పుడు తండ్రి ఫైలు తెరిస్తే ఆ రంగుల కాగితం అందులోనే ఉంది. తీసి పారేయమని మేము అనలేదు, ఆయన కూడా దాని మాట ఎత్తలేదు.

మీ ఇంటికి ఇటువంటి కాగితం గాని ఫోను గాని వస్తే, అడ్వాన్సు కట్టకముందు, పొలం బేరం పెట్టకముందు దాన్ని మా ఓపీకి తీసుకురండి. మీతోపాటు కూర్చుని చదువుతాము. దానికి ఫీజు లేదు.