22 కేబీలో 2048 గ్రహాలు: 'ఎలైట్' గేమ్ వెనకున్న ట్రిక్ ఇదే

గేమ్ అప్‌డేట్ వచ్చిందంటే చాలు, 128 జీబీ ఫోన్‌లో కూడా ఫోటోలు డిలీట్ చేసుకోవాల్సి వస్తోందా? అయితే 1984లో వచ్చిన 'ఎలైట్' గురించి తెలుసుకోవాల్సిందే.

కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న ఇయాన్ బెల్, డేవిడ్ బ్రాబెన్ అనే ఇద్దరు కుర్రాళ్లు బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాసిన స్పేస్ గేమ్ ఇది. ఆ కంప్యూటర్ ర్యామ్ మొత్తం 32 కేబీ. స్క్రీన్‌కీ సిస్టమ్‌కీ పోను గేమ్‌కి మిగిలింది సుమారు 22 కేబీ. అందులోనే 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు!

ఎలా పట్టాయి? అసలు గ్రహాల్ని స్టోర్ చేస్తే కదా! ఉన్నది 6 బైట్ల సీడ్ నంబర్ మాత్రమే. దాన్ని ఒక లెక్కలో వేస్తే గ్రహం పేరు, జనాభా, ప్రభుత్వం అన్నీ వస్తాయి. ఒంగోలు పిన్‌కోడ్ 523001నే సీడ్ అనుకోండి. ఎన్నిసార్లు లెక్క వేసినా అదే ఊరు, అదే జనాభా వస్తాయన్నమాట. దీన్నే ప్రొసీజరల్ జనరేషన్ అంటారు. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచాలు పుట్టేదీ ఇలాగే.

ఈ లెక్కతో 281 లక్షల కోట్ల గెలాక్సీలు పెట్టొచ్చు. కానీ అన్ని ఉంటే అన్నీ ఒకేలా ఉన్నాయని ప్లేయర్లు పసిగట్టేస్తారని పబ్లిషర్ ఏకార్న్‌సాఫ్ట్ ఎనిమిదికే ఒప్పుకుంది.

ఇంకో తమాషా. ఒక గెలాక్సీలో ఓ గ్రహానికి ఇంగ్లిష్ బూతు మాట పేరుగా వచ్చింది. సీడ్ మారిస్తే మిగతా గ్రహాలన్నీ మారిపోతాయి. అందుకే ఆ గెలాక్సీ మొత్తాన్నే పక్కన పడేశారు!

బ్రాబెన్ ఆ తర్వాత రాస్‌ప్‌బెర్రీ పై ఫౌండేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. తక్కువ మెమరీతో ఎక్కువ పని చేయించడం ఆయనకి కొత్తేం కాదు మరి. మెమరీ చాలనప్పుడే బుర్రకి పని పడుతుంది.