వినిపించే వెలుగు

తోటలో బాటపక్కన గుచ్చే సౌరదీపం పాడైతే పారవేయడం పరిపాటి. దాని నెత్తిన ఉండే చిన్న ఫలకం మాత్రం తరచు బాగానే ఉంటుంది. ఫలకం తీగలు రెండింటిని, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరుకు చెందిన ఆడియో తీగకు కలిపితే, వెలుగును వినగల చెవి ఒకటి పిల్లల చేతికి దొరుకుతుంది.

మామూలు టార్చి వెలుగును ఫలకంపై నిలిపితే ఏమీ వినిపించదు. పిల్లలు నిరుత్సాహపడేదీ, తల్లిదండ్రులు తామే సరిచేయబోయేదీ ఇక్కడే. కొంతసేపు ఓపిక పట్టడం మేలు. ఏ బిడ్డ అయినా కాసేపటికి టార్చి ముందు వేళ్ళు ఆడిస్తుంది; స్పీకరు టకటకమంటుంది. నిలకడగా ఉన్న వెలుగు నిలకడగా ఉన్న విద్యుత్తునే పుట్టిస్తుంది. స్పీకరు పొరను కదిలించేది విద్యుత్తులోని హెచ్చుతగ్గులే.

వేళ్ళ పనిని ఇక మోటారుకు అప్పగించవచ్చు. బొమ్మకారు మోటారు ఇరుసుకు, అంచు పొడవునా సమదూరంలో 8 రంధ్రాలు చేసిన అట్టచక్రాన్ని బిగించి, టార్చికీ ఫలకానికీ నడుమ తిప్పాలి. చక్రం సెకనుకు 50 చుట్లు తిరిగితే వెలుగు 400 సార్లు తెగుతుంది. ఆ స్వరమే వినిపిస్తుంది. మోటారుకు మరొక బ్యాటరీ జోడిస్తే స్వరం పైకి లేస్తుంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహచరుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ 1880లో వాషింగ్టన్ నగరంలో సూర్యకిరణం మీద మనిషి మాటను సుమారు 213 మీటర్ల దూరం పంపినదీ ఈ సూత్రంతోనే. కంఠధ్వనికి కంపించే పలుచని అద్దం వెలుగును హెచ్చుతగ్గులు చేసింది. వారికి సౌరఫలకం లేదు. వెలుగు సోకితే విద్యుత్ నిరోధం తగ్గే సెలీనియంతో పని గడుపుకొన్నారు. ఈ 'ఫోటోఫోను'ను బెల్ తన టెలిఫోను కంటే గొప్పదిగా భావించాడు!

గోడలోని ప్లగ్గు జోలికి పోనక్కరలేదు. కానీ ఆ కరెంటుతో వెలిగే దీపాన్ని దూరం నుంచే వినవచ్చు. పాతకాలపు తీగబల్బు ఎదుట ఫలకం పట్టుకొంటే స్పీకరు సన్నగా రొద చేస్తుంది, ఎల్.ఇ.డి. దీపాలలో కొన్ని పలుకుతాయి, కొన్ని పలకవు. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు. ఒక్కొక్క ఆవృత్తిలో దీపం రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది గనుక వినిపించేది 120. భారతదేశంలో ఆవృత్తులు 50, వినిపించేది 100. ఈ రెంటి నిష్పత్తి 6:5. సంగీతం నేర్చుకొంటున్న పిల్లలకు ఇది తెలిసిన అంతరమే. అమ్మమ్మగారింటి దీపం షడ్జం పలికితే, అమెరికాలోని దీపం సాధారణ గాంధారం పలుకుతున్నదన్నమాట.

వేసవి సెలవులకు వెళ్ళేటప్పుడు ఫలకాన్నీ స్పీకరునూ పెట్టెలో వేసుకొంటే చెవితోనే సరిచూసుకోవచ్చు. అక్కడ కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొన్నప్పుడు ఆ దీపం ఏమి పలుకుతుందో అదీ వినదగినదే.