చర్మం ఎందుకు కమిలింది?

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు జిల్లాలో గిల్లేసూగూరు ఒక గ్రామం. ఇటువంటి గ్రామంలో ఒక తల్లికి కేన్సర్ వ్యాధి వచ్చిందనుకుందాం. వైద్యం కోసం ఆమె బెంగళూరుకో, హైదరాబాదుకో వెళుతుంది. బెంగళూరులో 1973లో ఏర్పడిన కిద్వాయి స్మారక సంస్థ, హైదరాబాదులో 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ సంస్థ ఈ వ్యాధికి చికిత్స చేసే పేరున్న ఆసుపత్రులు. అక్కడ ఆమెకు కిరణ చికిత్స చేస్తారు. మెడ దగ్గర చర్మం ఎర్రబడి, నల్లబడి, పొట్టు రాలుతుంది. చూడవచ్చిన వారు “కరెంటు పెట్టారట, ఒళ్లంతా కాలిపోయింది” అంటారు. “పిల్లలను దగ్గరకు రానీయకండి” అని ఒకరు, “ఇక చాలు, మానెయ్యండి” అని మరొకరు సలహా ఇస్తారు. ఈ మాటలలో నిజమెంత?

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ చికిత్సలో రోగి ఒంట్లోకి విద్యుత్తును పంపరు. ఎక్స్ కిరణాలను గాని, గామా కిరణాలను గాని వ్యాధి ఉన్న చోటికి గురిపెట్టి పంపుతారు. ఆ సమయంలో రోగికి వేడి తగలదు, నొప్పి తెలియదు. మరి చర్మం ఎందుకు కములుతుంది?

ఈ ప్రశ్న చాలా పాతది. రేడియో ధార్మికతను కనుగొన్న హెన్రీ బెకరెల్ 1901లో రేడియం ఉన్న చిన్న గొట్టాన్ని జేబులో పెట్టుకొని తిరిగాడు. అప్పుడు ఏమీ కాలేదు. కొన్ని రోజుల తరువాత జేబు కింద ఉన్న చర్మం ఎర్రబడి పుండు పడింది. పియరీ క్యూరీ కావాలనే తన చేతికి రేడియం తగిలించుకొని చూశాడు. ఆయనకూ పుండు పడింది. మానడానికి చాలా వారాలు పట్టింది. కాగిన పెనం తగిలితే చర్మం వెంటనే బొబ్బలెక్కుతుంది. కిరణాల గాయం మాత్రం ఆలస్యంగా బయటపడుతుంది. ఈ ఆలస్యంలోనే అసలు రహస్యం ఉంది.

మన చర్మం పై పొరలో అనేక వరుసల కణాలు ఉంటాయి. అన్నిటికంటే అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ కొత్త కణాలను తయారు చేస్తాయి. అవి మెల్లగా పైకి జరిగి, చివరకు ఎండి రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అడుగు వరుసను నారుమడి అనుకోండి. నారుమడి పాడైనా పొలంలో ఉన్న పైరుకు వెంటనే ఏమీ కాదు. మళ్లీ నాటు వేసే నాడు నారు దొరకదు. లోటు అప్పుడు తెలుస్తుంది.

కిరణాలు ఈ నారుమడినే దెబ్బతీస్తాయి. కణంలో ఎక్కువ భాగం నీరే. కిరణాలు ఆ నీటి అణువులను చీల్చి, చురుకైన రసాయన ముక్కలను పుట్టిస్తాయి. ఆ ముక్కలూ, కిరణాలూ కలిసి కేంద్రకంలోని డి.ఎన్.ఎ. పోగులను తెంపుతాయి. రెండు పోగులూ ఒకేచోట తెగితే అతకడం కష్టం. అటువంటి కణం వెంటనే చావదు; విభజన చెందబోయి చనిపోతుంది. అందుకే త్వరగా విభజన చెందే కణాలకు హాని ఎక్కువ.

దెబ్బతిన్న కణాలు విడుదల చేసే రసాయనాల వల్ల రక్తనాళాలు వెడల్పై చర్మం ఎర్రబడుతుంది. రంగునిచ్చే కణాలు ఎక్కువ మెలనిన్ తయారు చేయగా చర్మం నల్లబడుతుంది. చెమట, నూనె గ్రంథులు మందగించి చర్మం పొడిబారుతుంది; ఆ చోట వెంట్రుకలు రాలుతాయి. కొత్త కణాలు చాలకపోతే పొట్టు లేస్తుంది. అడుగు వరుస బాగా తరిగిపోతే రసి కారుతుంది. చంక, మెడ ముడుతల వంటి రాపిడి ఉండే చోట్ల బాధ ఎక్కువ. కొందరిలో నెలలు, సంవత్సరాలు గడిచాక చర్మం గట్టిపడుతుంది.

మరి ఇంత హాని చేసే చికిత్స ఎందుకు? కేన్సర్ కణాలు కూడా అదుపు లేకుండా విభజన చెందేవే. తెగిన డి.ఎన్.ఎ.ను సరిచేసుకొనే శక్తి వాటిలో చాలావాటికి తక్కువ. మంచి కణాలకు ఎక్కువ. అందుచేత మొత్తం మోతాదును ఒకేసారి ఇవ్వక, సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, కొన్ని వారాల పాటు ఇస్తారు. గ్రే అనేది కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం. రోజుకూ రోజుకూ మధ్య మంచి కణాలు కోలుకుంటాయి. పాత యంత్రాలలో ఎక్కువ మోతాదు చర్మం మీదనే పడేది. 1951లో కెనడాలో మొదలైన కోబాల్టు యంత్రాలూ, తరువాత వచ్చిన యంత్రాలూ ఎక్కువ మోతాదును చర్మం కిందికి చేరుస్తాయి. అయినా చర్మాన్ని దాటకుండా కిరణం లోపలికి పోలేదు గదా!

చికిత్స ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు వారాలు కమలడం పెరగవచ్చు. మిగిలిన కణాలు మళ్లీ విభజన చెందగా, చాలామందికి కొన్ని వారాలలో మానుతుంది. ఆ చోటును గోరువెచ్చని నీటితో మృదువుగా కడగాలి. వదులైన నూలు బట్టలు కట్టాలి. ఎండ తగలనీయకూడదు. వైద్యుని అడగకుండా పసుపు, సున్నం, ఆకు పసర్లు పూయరాదు. ఆసుపత్రిలో గీసిన గుర్తులను చెరపరాదు.

బయటి యంత్రంతో చికిత్స పొందిన వారి ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు. ఆ తల్లి తన బిడ్డను నిశ్చింతగా ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు. చర్మం కమిలిందని చికిత్సను మధ్యలో మానితే మాత్రం, మిగిలిన కేన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. చర్మానికి తగిలిన గాయం చాలావరకు మానేదే. తగినంత చికిత్స అందని వ్యాధి మానదు. ఈ తేడా తెలిసినవారు మీ ఊరిలో ఒక్కరున్నా చాలు. ఒక ప్రాణం నిలవవచ్చు.

ప్రశ్నలు
1. కిరణాల గాయం ఆలస్యంగా బయటపడడానికి కారణమేమి?
2. మోతాదును కొద్దికొద్దిగా ఎందుకు ఇస్తారు?
3. “ఇక చాలు, మానెయ్యండి” అన్నవారికి మీరు ఏమని సమాధానం చెబుతారు?