అడ్డపొగయు కణకేంద్రకపు కుదురును

విశాఖ సముద్రతీరమున బెస్తపల్లెల ఇసుకపై ఎండుచేపలు తిరుగవేయుచు, చుట్ట నిప్పుకొనను నోటిలోనికి మరల్చి పెదవులు బిగించి పొగ పీల్చు ముసలమ్మలు నేటికిని కలరు. దానిని ‘అడ్డపొగ’ యందురు. గాలి వీచినను నిప్పారదు, నుసి రాలదు, చేతిపని ఆగదు. అందువలననే గాబోలు, శ్రమజీవులైన స్త్రీలకు అది అంతగా అలవడినది.

ఆ నిప్పుసెగ సూటిగా తగులునది అంగిలికి. అన్యత్ర అరుదైన గట్టి అంగిలి క్యాన్సరు కోస్తా ఆంధ్రమున తరచుగా కనబడుటకు ఈ అలవాటే హేతువని డి. గోవిందరెడ్డి, వి.కె. రావు గారలు 1957లోనే ప్రకటించిరి.

అనుమానమున్న చోట చిటికెడు మాంసము తీసి, పలుచని పొరలుగా కోసి, హెమటాక్సిలిన్ రంగు పట్టించి సూక్ష్మదర్శిని క్రింద నుంచినప్పుడు వైద్యుని కన్ను మొదట వెదకునది కణకేంద్రకములనే. ఆరోగ్యకణములలో అవి గుండ్రముగా, ఇంచుమించు సమానముగా, లేతనీలముగా నుండును. క్యాన్సరు కణములలో పెద్దవై, అంచులు వంకరలు పోయి, ముదురు నీలము పట్టి, ఒకదానితో నొకటి పోలిక లేక యుండును.

ఈ వికారము పైరూపునకు మాత్రమే చెందినది కాదు. మిల్లీమీటరులో నూరవవంతు మాత్రమైన కేంద్రకములో సుమారు 2 మీటర్ల డి.ఎన్.ఎ. 46 క్రోమోసోములుగా, రేవులో బొగ్గునకును ఇనుపఖనిజమునకును వేర్వేరు తావులున్నట్లు, తమతమ తావులలో కుదురుకొని యుండును. మౌనము వహింపవలసిన జన్యువులు పెక్కు లామిన్ అను మాంసకృత్తుల వల నానుకొని అంచున మడతపడి యుండగా, పనిచేయు జన్యువులు ప్రాయికముగా లోపల విప్పారి యుండును. ఆ వల సడలినచో కేంద్రకపు ఆకారము చెడును, అణగియుండిన జన్యువులు మేల్కొనవచ్చును. ఇరుగుపొరుగున నున్న క్రోమోసోములు తెగినచో తప్పుగా అతుకుకొనుటయు కలదు. ఒక విధమైన రక్తక్యాన్సరులో 9వ, 22వ క్రోమోసోములకు జరుగునది ఇదియే.

అమరిక చెడుటచే రోగము పుట్టునా, రోగముచే అమరిక చెడునా యన్నచో, రెండును కలవనవలెను. పొగాకు విషములు డి.ఎన్.ఎ.ను గాయపరచును, అట్లు చెడిన జన్యువులలో ఈ మడతలను నడపు మాంసకృత్తుల జన్యువులును నోటి క్యాన్సరులలో కనబడినవి.

అయినను అంగిలిపై తొలుత పుట్టు తెల్లమచ్చలును ఎఱ్ఱని చుక్కలును అడ్డపొగ మానినచో పెక్కుమందిలో తగ్గుచున్నవి. ఎవరి అంగిలి వారికి కనబడదు గనుక, కోడలో మనుమరాలో దీపము పట్టి చూచి, మానని పుండున్నచో ఆ ముసలమ్మను అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికో, సమీప వైద్యునికో జాగుచేయక చూపవలసి యున్నది.