క్రూడో

క్రూడో ఇటలీ దేశపు వంటకం. ఇటాలియన్ భాషలో ఈ మాటకు "పచ్చిది" అని అర్థం. సముద్రపు చేపను వండకుండా, భోజనానికి ముందు చిరుతిండిగా వడ్డిస్తారు.

తయారుచేయు విధానం

తోలు, ముళ్ళు తీసిన చేపను పలుచని ముక్కలుగా కోసి, చల్లని పళ్ళెంలో పరచాలి. తినబోయే ముందు ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి చల్లాలి.

జాగ్రత్తలు

అనకాపల్లి జిల్లా పూడిమడక వంటి తీర గ్రామాలలో వంజరం, ట్యూనా చేపలు లభిస్తాయి. అయితే తాజాగా ఉన్నంత మాత్రాన చేప పచ్చిగా తినుటకు పనికిరాదు. సముద్రపు చేపలలో ఉండే అనిసాకిస్ అనే పరాన్నజీవి నిమ్మరసానికి చావదు. −20° సెల్సియస్ వద్ద 7 రోజులు ఉంచితే నశిస్తుంది. ఇళ్ళలోని ఫ్రీజర్లు సాధారణంగా −18° వద్ద పనిచేస్తాయి కనుక ఇందుకు చాలవు. బాక్టీరియా గడ్డకట్టించినా పూర్తిగా నశించదు. పట్టిన వెంటనే ఐసులో పెట్టని ట్యూనాలో హిస్టమిన్ ఏర్పడుతుంది. అది వండినా పోదు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు క్రూడో తినరాదు.